వేల్స్ పాత రాతి ఫామ్‌హౌస్: 400 ఏళ్ళ గోడకు ఇప్పుడు నిమ్ము ఎందుకు?

మీ ప్రశ్న: "మాంచెస్టర్‌లో ఉంటున్నాం. నార్త్ వేల్స్‌లో 400 ఏళ్ళ నాటి రాతి ఫామ్‌హౌస్ ఒకటి బాగా నచ్చింది. లోపలి గోడలకు నిమ్ము ఉంది. ఇన్నేళ్ళు నిలిచిన ఇంటికి ఇప్పుడేమైంది? కొనొచ్చా?"

కొనొచ్చు. కాకపోతే ముందు ఆ గోడ కట్టుబడి తెలుసుకోండి. ఇలాంటి ఇళ్ళలో నిమ్ముకు కారణం చాలావరకు ఇంటి వయసు కాదు, ఈమధ్య కాలంలో చేయించిన రిపేర్లు. మేం కాన్వీ లోయలో అలాంటి ఇంట్లోనే ఉంటున్నాం కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

పైకి ఒకటే గోడ అనిపిస్తుంది గానీ అందులో రెండు వరసలుంటాయి. బయట ఒక వరస, లోపల ఒక వరస, మధ్యలో మట్టి, చిన్న రాళ్ళు. రెండూ విడిపోకుండా అక్కడక్కడా పొడుగు రాయి అడ్డంగా పడుతుంది. అడుగునా మూలల్లోనూ ఒక్కడి వల్ల కదలని బండలు. మొత్తం మందం రెండు మూడు అడుగులు. చాలా ఇళ్ళలో రాళ్ళను పట్టి ఉంచేది మట్టే. పైన సందుల్లో సున్నం, దాని మీద వెల్ల.

నార్త్ వేల్స్‌లోని ఎరీరీ (స్నోడోనియా) కొండల్లో కొన్నిచోట్ల ఏడాదికి 3000 మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. అంత వానకు ఏ రాతి గోడైనా తడుస్తుంది. తడిసిన గోడ ఆరిపోయేలా కట్టడమే పాతవాళ్ళ పనితనం. సున్నం తడిని పీల్చుకుంటుంది, గాలి తగిలితే వదిలేస్తుంది. లోపల రోజంతా మండే పొయ్యి, పైకి లాగే పొగగొట్టం మిగతా పని చేసేవి. మన మండువా ఇళ్ళ డంగు సున్నం ఎరిగినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు.

ఆ గోడకు సిమెంట్ పూస్తే ఏమవుతుందో మా ఇంట్లో కళ్ళారా చూశాను. వాన ఎక్కువ కొట్టే పడమటి గోడకు మాకంటే ముందున్నవాళ్ళెవరో సిమెంట్ పూత వేయించారు. పూతలో వెంట్రుకంత బీటలు. వాటిలోంచి నీళ్ళు లోపలికి పోతాయి, బయటికి రావు. మేస్త్రీ ఉలితో కొడుతుంటే పూత పలకలు పలకలుగా ఊడింది, వెనకాల మట్టి ముద్దలా ఉంది. గోడలోకి దిగిన ఓక్ దూలం కొసను బొటనవేలితో నొక్కితే పొడి రాలింది. నాకు భయమేసింది. ఆయన మాత్రం దూలం మొత్తం మార్చలేదు. కుళ్ళిన మేర కోసేసి కొత్త ఓక్ ముక్క అతికాడు. సందులన్నీ సున్నంతో నింపి, తొందరగా ఎండిపోకుండా తడి గోనెపట్టాలు కప్పాడు. ఆరకముందే గడ్డకట్టే చలి తగిలితే సున్నం పాడైపోతుంది కాబట్టి ఈ పని ఎండాకాలంలోనే చేయించుకోవాలి. గోడ ఆరడానికి కూడా టైమ్ పడుతుంది, ఓపిక పట్టండి.

గోడకు రంధ్రాలు పెట్టి కెమికల్ ఎక్కిస్తే నిమ్ము పోతుందని ఎవరైనా కొటేషన్ ఇస్తే ఒప్పుకోకండి. మధ్యలో మట్టి, ఖాళీలు ఉన్న గోడలో ఆ మందు ఒక వరసగా పాకదు. అంతకంటే ముందు బయటి నేల ఎత్తు చూడండి. ఈ ఇళ్ళు చాలావరకు వాలులో, ఒక పక్క గోడ కొండలోకి దిగినట్టు ఉంటాయి. ఏళ్ళ తరబడి పైనుంచి మట్టి జారి చేరి, బయటి నేల లోపలి నేల కంటే పైకి వచ్చేస్తుంది. మా ఇంట్లో సగం నిమ్ము ఆ మట్టి తవ్వి కాలువ తీయగానే తగ్గింది.

అసలు ఈ ఇళ్ళు ఎలా ఉండేవో చూడాలంటే కార్డిఫ్ దగ్గర సెయింట్ ఫాగన్స్ మ్యూజియంకి వెళ్ళండి. నార్త్ వేల్స్‌లోని వైన్‌వౌర్ ఊరి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి మళ్ళీ కట్టిన గారెగ్ వౌర్ ఫామ్‌హౌస్ అక్కడుంది, 1544 నాటిది. రెండంతస్తులు, రెండు చివరలా పొగగొట్టాలు. నట్టింట్లో నిప్పు రాజేసి పొగను కప్పులోంచి పోనిచ్చిన కాలంలో పై అంతస్తుకు వీలుండేది కాదు. పొయ్యి గోడలోకి వెళ్ళాకే మేడగది వచ్చింది. మీ ఇంట్లో కూడా పెద్ద పొయ్యి పక్కన మెలితిరిగిన రాతి మెట్లు ఉన్నాయేమో చూడండి. ఎవరైనా మూసేసి ఉంటే ఆ గోడను తట్టి చూడండి. కిటికీలు చిన్నవని బాధపడకండి. గోడను లోపలి వైపు ఏటవాలుగా విప్పి కట్టారు కాబట్టి ఉన్న కాస్త వెలుగూ గదంతా పరుచుకుంటుంది. మా వంటింటి కిటికీ అరుగు మీద కూర్చునే మా అమ్మాయి హోమ్‌వర్క్ చేసుకుంటుంది.

కప్పు పలకరాళ్ళు చూరు దగ్గర పెద్దవిగా మొదలై కొప్పుకు వెళ్ళేకొద్దీ చిన్నవైతే పాత పనితనం మిగిలి ఉన్నట్టే. వాటిని పారేయనివ్వకండి, చాలావరకు మళ్ళీ వాడుకోవచ్చు.

బేరానికి ముందు వేల్స్ ప్రభుత్వ చారిత్రక కట్టడాల శాఖ కాడూ (Cadw) వారి కోవ్ కుమ్రి (Cof Cymru) ఆన్‌లైన్ మ్యాప్‌లో ఆ ఇల్లు లిస్టెడ్, అంటే చట్టం కాపాడే పాత కట్టడాల జాబితాలో ఉన్నది, అవునో కాదో చూసుకోండి. లిస్టెడ్ అయిన పక్షంలో దాని రూపం మార్చే పనికి అనుమతి తప్పనిసరి. అనుమతి లేకుండా చేయడం నేరం. ఇల్లు చూడటానికి మాత్రం జోరున వాన కురిసే రోజే వెళ్ళండి. చూరు కింద నీళ్ళు ఎటు పోతున్నాయో, పడమటి గోడ ఎక్కడ నల్లబడిందో అప్పుడే తెలుస్తుంది.