బురుజు మ్యూజియం చూడబోయే వారికి ఒక లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

యూరప్ ప్రయాణంలో పాత పట్టణాల గంటల గోపురాలనూ, మ్యూజియంలుగా మార్చిన గడియారపు బురుజులనూ చూస్తానని రాశావు కనుక, వాటిని ఎలా చూడాలో నాకు తోచినది చెబుతాను. అక్కడికి వచ్చేవారిలో చాలామంది టికెట్టు కొన్నదే తడవుగా పై అంతస్తుకు ఎక్కి, ఊరిని ఫొటో తీసుకొని దిగిపోతారు. మధ్యలోని గదులు వారికి ఆయాసం తీర్చుకునే మజిలీలు మాత్రమే. నా దృష్టిలో అక్కడి ముఖ్యమైన ప్రదర్శన వస్తువు ఆ కట్టడమే. అద్దాల బీరువాల్లో ఉన్నవన్నీ దాని తరువాతివే.

అందువల్ల లోపలికి వెళ్లే ముందు గోపురం చుట్టూ ఒకసారి నిదానంగా తిరుగు. కొత్త రాయి ఎక్కడ పొదిగారో, దూలాల కోసం వదిలిన కన్నాలు ఎక్కడ ఉన్నాయో, రాళ్ల సందుల్లో ఉన్నది సున్నమో సిమెంటో గమనించు. పాత గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోయే దారి లేక, మెత్తని రాయీ ఇటుకా పెచ్చులుగా రాలిపోతాయి. మంచి పునరుద్ధరణలో సున్నాన్నే వాడడానికి కారణం ఇదే. పాతదానికీ కొత్తదానికీ తేడా కనబడితే పనివారు అశ్రద్ధ చేశారనుకోకు. లోపించిన భాగాలను నింపినప్పుడు అవి మొత్తంతో కలిసిపోతూనే అసలువాటి నుంచి వేరుగా గుర్తుపట్టేలా ఉండాలనీ, ఊహాగానం మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలనీ పాత కట్టడాల పరిరక్షణ గురించిన 1964 నాటి వెనిస్ ఒడంబడిక చెబుతుంది. విచిత్రమేమంటే, అదే వెనిస్‌లో 1902లో కుప్పకూలిన సెయింట్ మార్క్ గంటల గోపురాన్ని 1912 నాటికి అచ్చం పాత రూపంలోనే తిరిగి కట్టారు. దాన్ని తప్పుపట్టను కానీ, ఏ గోపురం ముందు నిలబడినా కళ్లెదుట ఉన్న గోడ వయసెంతో సమాచార ఫలకంలో చదివి తెలుసుకోవడం మంచిది.

లోపల ప్రతి గదిలోనూ ఇది ఒకప్పుడు దేనికి ఉపయోగపడిందని ఆలోచించు, ఎందుకంటే ఈ గోపురాలను దృశ్యం చూడడానికి కట్టలేదు. బెల్జియంలోని బ్రూజ్ నగరపు 83 మీటర్ల గోపురంలో 366 మెట్లు ఎక్కుతుంటే, పట్టణానికి దక్కిన హక్కుల పత్రాలను భద్రపరచిన ఖజానా గది దారిలోనే తగులుతుంది. ఆ పైన 47 గంటల వరుసా, వాటిని మోగించే పెద్ద లోహపు డ్రమ్మూ ఉంటాయి. రొమేనియాలోని సిగిష్వారా గడియారపు గోపురంలో 1556 వరకు పట్టణ సభ కొలువుదీరేది. 1676 అగ్నిప్రమాదం తరువాత దాన్ని బాగుచేశారు, 1899లో మ్యూజియం చేశారు. అక్కడ వారంలోని రోజులకు సంకేతాలైన కొయ్యబొమ్మలు ఉన్నాయి. వీధిలోంచి చూసేవారికి వాటిలో ఆ రోజు బొమ్మ ఒక్కటే కనబడుతుంది. లోపలికి వెళ్లినవారికి ఆ బొమ్మలూ, వాటిని తిప్పే యంత్రమూ దగ్గరగా కనబడతాయి. ఇలాంటి చోట మాత్రం తొందరపడవద్దు. పాత గడియారాలు బరువులు కిందికి దిగే శక్తితో నడిచేవి కనుక, బరువు దిగడానికి ఎంత ఎత్తు దొరికితే అంత ఎక్కువసేపు తాళం తిప్పకుండా నడిచేవి. ఆ బరువులు వేలాడిన గొట్టం లాంటి ఖాళీ ఇంకా ఉందేమో అడిగి చూడు.

మెట్ల విషయంలో జాగ్రత్త అవసరం. చుట్టుమెట్లు లోపలి అంచున సన్నగా, బయటి అంచున వెడల్పుగా ఉంటాయి. పాదం పూర్తిగా ఆనే వైపే నడువు, ఎదురుగా ఎవరైనా వస్తే వెడల్పు చోట ఆగి దారి ఇవ్వు. పట్టు ఉన్న బూట్లు వేసుకో, వీపున పెద్ద సంచి వద్దు. పాత గోడలను తొలిచి లిఫ్టు పెట్టడం చాలాచోట్ల సాధ్యం కాదు కాబట్టి, మోకాళ్ల నొప్పి ఉన్నవారిని వెంట తీసుకువెళ్లే ముందు కింది అంతస్తులో చూడదగ్గవి ఏమున్నాయో కనుక్కో. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లకు కష్టం. గంటలు కొట్టే వేళకు వాటి పక్కనే ఉండాల్సివస్తే చెవులు మూసుకో.

ఇరుకు వల్ల ఒకసారికి కొద్దిమందినే పైకి పంపే గోపురాలు ఉన్నాయి, మూసే వేళకు ముందే టికెట్లు ఆపేసేవీ ఉన్నాయి. కాబట్టి ఉదయం తెరవగానే వెళ్లు, ఎక్కేటప్పుడు గుంపు వల్ల చూడలేకపోయిన గదులను దిగేటప్పుడు చూడడానికి సమయం మిగుల్చుకో.