కాగితాలు లేని టరాంటులాలు ఇంట్లో ఉంటే

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఎనిమిది నెలల క్రితం ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒక వ్యక్తి దగ్గర రెండు టరాంటులా (ఒళ్లంతా నూగుండే పెద్ద సాలీడు) పిల్లలను కొన్నాను. ఒకటి మెక్సికన్ రెడ్ నీ, రెండోది నీలిరంగు గూటీ సఫైర్. రెండూ విదేశాల్లో పెంపకంలో పుట్టినవేనని ఆయన చెప్పారు. ఫోన్‌లో డబ్బు పంపిన రసీదు తప్ప నా దగ్గర వేరే కాగితం లేదు. గిద్దలూరు దగ్గర ఉండే మిత్రుడు, అడవిలో ఒక చెట్టు తొర్రలో ఇలాంటి నీలి సాలీడే కనిపించిందని, కావాలంటే పట్టి పంపుతానని అంటున్నాడు. వీటిని పెంచుకోవడం నేరమా? ఇప్పుడు నేనేం చేయాలి?

జవాబు: ముందుగా మీ మిత్రుడిని ఆపండి. గూటీ సఫైర్‌గా పిలిచే పోసిలోథీరియా మెటాలికా మన గుత్తి పేరుతో లోకానికి తెలిసిన సాలీడు. అక్కడ దొరికిన నమూనా ఆధారంగా 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దానిని వర్ణించారు. ఆ తరువాత శతాబ్దం పాటు ఎవరికీ కనిపించని ఈ జాతి 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్లీ బయటపడింది. అది బతికే చోటు వంద చదరపు కిలోమీటర్లకు మించదన్న అంచనాతో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) దానిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం కూడా ఆ ప్రాంతంలోనే ఉంది. అనుమతి లేకుండా అభయారణ్యం నుంచి ఏ వన్యప్రాణిని తీసుకెళ్లినా వన్యప్రాణి (సంరక్షణ) చట్టం, 1972లోని 29వ సెక్షన్ కింద నేరమే. తొర్రలో ఉన్న ఒక్క ఆడ సాలీడును తీసేస్తే దాని తరువాతి తరమంతా పోయినట్లే కనుక, చట్టం సంగతి అటుంచినా దానిని అక్కడే వదిలేయాలని నా గట్టి అభిప్రాయం.

ఇక మీ ఇంట్లో ఉన్న రెండింటి విషయం. మెక్సికన్ రెడ్ నీ చేరిన బ్రాకిపెల్మా ప్రజాతి చాలాకాలంగా సైటీస్ ఒప్పందపు (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. గూటీ సఫైర్ చేరిన పోసిలోథీరియా ప్రజాతిని అందులో 2019లో చేర్చారు. 2022 సవరణతో మన చట్టంలోకి వచ్చిన నాలుగో షెడ్యూలు ఈ సైటీస్ జాబితాల కోసమే ఏర్పడింది. 49ఎం సెక్షన్ ప్రకారం ఆ షెడ్యూలులోని సజీవ ప్రాణి ఎవరి దగ్గర ఉన్నా వివరాలు ప్రభుత్వానికి తెలియజేయాలి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాలు అప్పటికే ఉన్నవాటికి ఆరు నెలలు, తరువాత చేతికి వచ్చినవాటికి 30 రోజులు గడువు పెట్టాయి. దరఖాస్తును కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ 2.0 పోర్టల్‌లో ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి పంపాలి. మీకు ఆ గడువు దాటిపోయింది. ఉల్లంఘనకు మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడే అవకాశం ఉంది.

పెంపకంలో పుట్టాయన్న మాట నిజమే కావచ్చు, కానీ దానిని రుజువు చేసేది కాగితమే. విదేశం నుంచి సక్రమంగా వచ్చిన ప్రాణికి ఆ దేశపు సైటీస్ అనుమతి, డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) లైసెన్సు, కస్టమ్స్ పత్రాలు ఉంటాయి. అవి లేని సరుకు ఎలా వస్తుందో 2021 జూలైలో చెన్నైలో బయటపడింది. పోలండ్ నుంచి వచ్చిన తపాలా పార్శిల్‌ను కస్టమ్స్ అధికారులు విప్పితే, వెండి రేకులో, దూదిలో చుట్టిన చిన్న ప్లాస్టిక్ సీసాల్లో 107 సజీవ సాలీళ్లు కనిపించాయి. వాటిని తిరిగి పోలండ్‌కే పంపించారు. అలాంటి సరుకని తెలిసి, లేదా తెలుసుకునేందుకు తగిన కారణం ఉండి కొన్నవారిని కస్టమ్స్ చట్టం కూడా పట్టుకుంటుంది కనుక, మీరు సదుద్దేశంతో కొన్నారని చూపించే రసీదును, విక్రేతతో జరిగిన సంభాషణను ఒక్క అక్షరం కూడా చెరపకుండా దాచుకోండి. కాగితాలు లేకున్నా స్వయంగా ప్రకటిస్తే చాలని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అది 2020 జూన్‌లో కేంద్రం ఇచ్చిన ఆరు నెలల అవకాశం, ఎప్పుడో ముగిసింది.

ఇప్పుడు చేయవలసినది, స్థానిక న్యాయవాదిని వెంటబెట్టుకుని, కొన్న తేదీ, ధర, విక్రేత చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్లుగా రాసి అటవీశాఖకు మీ అంతట మీరే సమర్పించడం. సాలీళ్లను అప్పగించవలసి రావచ్చు, అందుకు సిద్ధపడండి. తనిఖీలో దొరికిపోవడానికీ, ముందే వెళ్లి చెప్పడానికీ కోర్టులో చాలా తేడా ఉంటుంది. ఈలోగా వాటిని అమ్మవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు, తోటలోనో అడవిలోనో వదిలిపెట్టనే వద్దు.

అవి మీ దగ్గర ఉన్నంతకాలం సంరక్షణ బాధ్యత మీదే. జంతుహింస నివారణ చట్టం, 1960 దృష్టిలో మనిషి కాని ప్రతి సజీవీ జంతువే. కదలడానికి చాలని పెట్టెలో ఉంచడం, తిండీ నీరూ ఇవ్వకపోవడం 11వ సెక్షన్ కింద నేరాలు. రెడ్ నీ నేలలో బొరియ చేసుకునే జాతి. దానికి లోతైన మట్టి కావాలి, ఎత్తు నుంచి పడితే పొట్ట పగిలి చనిపోతుంది. గూటీ సఫైర్ చెట్టుపై బతికేది కనుక నిలువు పెట్టె, దాగడానికి బెరడు ఉండాలి. రెండింటినీ చేత్తో పట్టుకోవద్దు. రెడ్ నీ పొట్టమీది నూగు కంట్లో పడితే ప్రమాదం, గూటీ కాటుకు తీవ్రమైన కండరాల నొప్పులు వస్తాయి. మూత వదులుగా ఉండి సాలీడు పక్కింటికి చేరి ఎవరినైనా గాయపరిస్తే, భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద నిర్లక్ష్యపు ఫిర్యాదు రావచ్చు కనుక, పెట్టెకు తాళం వేసి, ఇంట్లోవారికి విషయం చెప్పి ఉంచండి.