‘పబ్లిక్ లా’ను ‘ప్రజా చట్టం’ అనవచ్చునా?

సందేహం: నేను అనంతపురంలో న్యాయవిద్య చదువుతున్నాను. ‘పబ్లిక్ లా – అర్థం, పరిధి’ అనే అంశం మీద తెలుగులో వ్యాసం రాస్తూ దాన్ని ‘ప్రజా చట్టం’ అన్నాను. మా అధ్యాపకులు ఆ మాట కింద గీత గీసి, ‘ప్రజలది కాని చట్టం ఏది?’ అని అడిగారు. మా జేజినాయన మాత్రం అమెరికా గోధుమల కాలం నాటి ‘పి.ఎల్. 480’లో ఉన్నది కూడా పబ్లిక్ లాయేననీ, దాన్ని అందరూ చట్టమనే అన్నారనీ చెబుతున్నారు. తెలుగులో ఏమని రాయాలి?

సమాధానం: మీ అధ్యాపకులు గీత గీయడం న్యాయమే. అయితే ఆయన ‘ప్రజా’ అన్న మాటను పట్టుకున్నారు. నాకు అంతకంటే ముందు ‘చట్టం’ దగ్గరే చిక్కు కనిపిస్తున్నది. తెలుగులో చట్టమంటే చట్టసభ చేసిన ఒకానొక శాసనం: 2005 నాటి సమాచార హక్కు చట్టం, 2013 నాటి భూసేకరణ చట్టం. తమిళంలో ‘సట్టం’ అన్న మాటకు చట్రమనే అర్థం కూడా ఉన్నది. హద్దులు బిగించిన ఒక్క వస్తువునే ఆ మాట మన కళ్ల ముందు నిలుపుతుంది. మీ పాఠంలోని ‘లా’ అటువంటి ఒక్క వస్తువు కాదు. రాజ్యాంగమూ, పదుల కొద్దీ చట్టాలూ, వాటి కింద వెలువడిన నియమాలూ, ఉన్నత న్యాయస్థానాల తీర్పులూ కలిసి ఏర్పడిన ఒక శాఖ అది. కనుక అక్కడ ‘న్యాయశాస్త్రం’ అనవలసిందే. ‘శాసనం’ అందామంటే, కలమళ్ళ శాసనం దొరికిన మా కడప జిల్లాలో ఆ మాట వినగానే ముందు గుర్తుకు వచ్చేది చెక్కిన రాయి; ‘శాసనశాస్త్రం’ అన్నామంటే అది పాత శాసనాల రాతలను చదివే పూర్తిగా వేరే విద్య.

ఇక ‘పబ్లిక్’ సంగతి. ఈ మాటకు తెలుగువారు ఒక్క పర్యాయపదంతో ఎన్నడూ సరిపెట్టుకోలేదు. పబ్లిక్ హెల్త్ ప్రజారోగ్యమైంది, పబ్లిక్ మీటింగు బహిరంగ సభ అయింది, పబ్లిక్ సెక్టారు ప్రభుత్వ రంగమైంది. కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటరును మన పల్లెల్లో ‘సర్కారు వకీలు’ అంటారే గాని ‘ప్రజా వకీలు’ అనరు. ఏ సందర్భంలో ఆ మాట ఏ అర్థాన్ని మోస్తున్నదో జనం సరిగ్గానే పట్టుకున్నారు. లాటిన్ మూలం ‘జనం’ అన్న మాట నుంచే పుట్టినప్పటికీ, 3వ శతాబ్దపు రోమన్ న్యాయవేత్త ఉల్పియన్ నాటికే అర్థం స్థిరపడింది: రోమన్ రాజ్యపు స్థితికి సంబంధించినది ఒక భాగం, వ్యక్తుల ప్రయోజనానికి సంబంధించినది మరొక భాగం అని ఆయన విభజించాడు. అంటే ‘పబ్లిక్ లా’లో ఉన్నది జనం కాదు, రాజ్యం. ‘ప్రజాన్యాయం’ అని రాస్తే పాఠకుడి మనసు అడవుల్లో జరిగిన ప్రజాకోర్టుల వైపు పోయే ప్రమాదం కూడా ఉన్నది.

పరిధిని మన నేల మీది ఉదాహరణతోనే చూద్దాం. ఇద్దరు అన్నదమ్ములు గట్టు దగ్గర తగాదా పడి సివిల్ కోర్టులో దావా వేసుకుంటే అది వ్యక్తుల మధ్య వ్యవహారం. కోర్టు కూడా రాజ్యంలో భాగమే అయినా, అక్కడ అది మధ్యవర్తి మాత్రమే. అదే చేనును కాలువ కోసం ప్రభుత్వం సేకరించదలచినప్పుడు స్వభావం మారిపోతుంది. ఇప్పుడు ఎదుట ఉన్నది తమ్ముడు కాదు, అధికారం. ఆ అధికారం ఎక్కడి నుంచి వచ్చింది, నోటీసు ఇచ్చారా, అభ్యంతరం విన్నారా, పరిహారం లెక్క సరైనదేనా అన్న ప్రశ్నలన్నీ పబ్లిక్ లా ప్రశ్నలు. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోరాదని రాజ్యాంగంలోని 300ఎ అధికరణం చెబుతున్నది. 226వ అధికరణం కింద రైతు హైకోర్టులో రిట్ (అధికారుల చర్యను ప్రశ్నించే అర్జీ) వేయవచ్చు. రాజ్యాంగ న్యాయం, పరిపాలనా న్యాయం ఈ శాఖకు నడుమ స్తంభాలు. పన్నుల న్యాయాన్నీ ఇందులోనే చేరుస్తారు. నేర న్యాయాన్ని కూడా చాలామంది ఇక్కడే ఉంచుతారు, ఎందుకంటే హత్య జరిగిన ఇంటివారికి ఎంత నష్టం కలిగినా అభియోగం నడిపేది రాజ్యమే.

ఒక పక్షం ప్రభుత్వమైనంత మాత్రాన ప్రతి తగాదా పబ్లిక్ లా కిందికి రాదన్న సంగతి మీ వ్యాసంలో తప్పక రాయండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. మీ ఊరిలో ఒక ప్రభుత్వ కార్యాలయం అద్దె ఇంట్లో నడుస్తూ, యజమానికి అద్దె బాకీ పడిందనుకోండి. అక్కడ ప్రభుత్వం సాధారణంగా అందరివంటి అద్దెదారే. ఎవరు అన్నదాని కంటే ఏ హోదాలో అన్నది ముఖ్యం. పోలీసు నిర్బంధంలో కొడుకును పోగొట్టుకున్న తల్లికి 1993లో నీలబతి బెహరా కేసులో సుప్రీంకోర్టు లక్షా యాభై వేల రూపాయల పరిహారం ఇప్పించినప్పుడు, అది ప్రాథమిక హక్కును భంగపరచినందుకు పబ్లిక్ లా ఇచ్చే పరిహారమనీ, సివిల్ దావాలో కోరే నష్టపరిహారం వేరనీ స్పష్టంగా చెప్పింది. ఒక తల్లికి దారి తెరిచిన ఈ తేడాను ‘ప్రజా చట్టం’ అన్న మాట ఏ మాత్రం చూపదు.

మన సంప్రదాయంలో ఈ భేదం లేదని అనుకోనక్కరలేదు. అప్పు, తాకట్టు, దాయభాగం (వారసత్వపు ఆస్తి పంపకం) వంటి వ్యవహారపదాలను, అంటే తగాదాల రకాలను, వరుసగా చెప్పిన ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం నారదస్మృతి, చివరి ‘ప్రకీర్ణకం’ అనే భాగంలో రాజాజ్ఞను ధిక్కరించడం వంటివాటిని చేర్చి, అవి ‘నృపాశ్రయాలు’ అన్నది. రాజును ఆశ్రయించుకొని ఉన్న వ్యవహారాలని దాని భావం. ఇప్పుడు రాజు లేడు గనుక ఆ మాటను యథాతథంగా తెచ్చుకోలేము. కాని ఆధారం దేనిపైనో చూసి పేరు పెట్టే ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది.

ఆ పద్ధతిలోనే ‘రాజ్యసంబంధ న్యాయశాస్త్రం’ అని రాయమంటాను. దానికి జంటగా ‘వ్యక్తిసంబంధ న్యాయశాస్త్రం’. ‘ప్రభుత్వ’ అనకపోవడానికి కారణం ఉన్నది. ప్రభుత్వాలు మారుతుంటాయి, రాజ్యం నిలిచి ఉంటుంది. పైగా ‘ప్రభుత్వ న్యాయం’ అంటే ప్రభుత్వం పక్షాన చెప్పే న్యాయమన్న అపార్థం కలుగుతుంది, ఈ శాఖ అసలు పని ప్రభుత్వానికి హద్దు గీయడమైనప్పుడు అది మరీ తప్పు. ‘రాజ్యాంగ న్యాయశాస్త్రం’తో కలగాపులగం అవుతుందన్న భయం అక్కరలేదు, అది ఇందులో ఒక భాగం. మొదటిసారి వాడినచోట పక్కనే ‘పబ్లిక్ లా’ అని తెలుగు లిపిలో రాస్తే చదివేవారికి తడబాటు ఉండదు.

మీ జేజినాయనగారు చెప్పినదీ నిజమే, అయితే అది వేరే అర్థం. అమెరికా కాంగ్రెసు అందరికీ వర్తించేలా చేసే ఒక్కొక్క చట్టాన్నీ పబ్లిక్ లా అంటారు. ఫలానా వ్యక్తి కోసమో కుటుంబం కోసమో చేసేది ప్రైవేట్ లా. 1954లో వచ్చిన వ్యవసాయ వాణిజ్య సహాయ చట్టానికి వరుసలో పడిన సంఖ్య 480, ఆ అంకెతోనే గోధుమలు మన రేవులకు చేరాయి. అక్కడ ఉన్నది ఒక్క శాసనమే గనుక ‘480వ సార్వత్రిక చట్టం’ అని నిస్సంకోచంగా అనవచ్చు.