రైఫిల్‌ది తప్పు కాకపోవచ్చు, ముందు ఇలా చూడండి

నమస్తే అండి. మీ ఎయిర్ రైఫిల్‌తో వచ్చిన ఫ్యాక్టరీ పరీక్ష కార్డు మీద 5 గుళ్లు ఒకే రంధ్రంలా ఉన్నాయి, మీరు నిలబడి 10 మీటర్లలో కొడితే 18 మిల్లీమీటర్ల గ్రూపు (గుళ్ల రంధ్రాలన్నీ పరుచుకున్న వెడల్పు) వస్తోంది, బ్యారెల్ మార్చాలా అని అడిగారు. వద్దండి, తొందరపడకండి!

ఆ కార్డు రైఫిల్‌ను బిగించి కొట్టినది. అందులో మనిషి ఊపిరి లేదు, గుండె చప్పుడు లేదు.

మీ 18ని బయటి అంచుల మధ్య కొలిచి ఉంటారు. గుండు వెడల్పు 4.5 తీసేస్తే కేంద్రాల మధ్య దూరం 13.5. గ్రూపు సరిగ్గా నడిమధ్యన పడితే మీ అన్నిటికన్నా చెడ్డ గుండుకు కూడా 8.3 పాయింట్ల దాకా వస్తాయి. మూడు నెలల సాధనకు, నిలబడి కొట్టినదానికి, నాకైతే ఇది ముచ్చటేసింది. టార్గెట్ నడిమధ్య 10 పాయింట్లిచ్చే పదో వలయం అర మిల్లీమీటరే అయినా, గుండు దాన్ని తాకితే చాలు. కాబట్టి కేంద్రాలన్నీ 5 మిల్లీమీటర్ల వృత్తంలో పడితే అన్నీ పదులే.

అనుమానం తీరాలంటే ఇసుక సంచి మీద ఆనించి 10 గుళ్లు కొట్టండి. మూడింటితో తీర్పు చెప్పకండి. అదే రైఫిల్, అదే చెయ్యి అయినా పది గుళ్ల గ్రూపు మూడింటి దానికన్నా సగటున ఒకటిన్నర రెట్లు పెద్దగా వస్తుంది. "ఎగిరిపోయింది" అని ఏ గుండునీ లెక్కలోంచి తీసేయకండి.

ఆనించినా చెదిరితే అప్పుడు స్టాక్ (బ్యారెల్‌ను మోసే, భుజానికి ఆనించే భాగం) స్క్రూలు బిగించి, 4.49, 4.50, 4.51 సైజుల గుళ్లు మార్చి చూడండి. కొలతలు ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.