పాత ఫొటో: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పాత పుస్తకాల అంగట్లో ఒక ఫొటో పోస్టుకార్డు దొరికింది. అమెరికాలోని నెవాడా ఎడారిలో పాడుపడిన రైయొలైట్ ఊరిదట. గోడలన్నీ సీసాలతో కట్టిన ఇల్లు అందులో ఉంది. వెనక ఎవరూ ఏమీ రాయలేదు. ఏ కాలంనాటిదో తేల్చడమెట్లా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందు అది అసలు ఫొటోనా, అచ్చువేసిన బొమ్మా అన్నది చూడండి. గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే లెన్సు చాలు. చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అచ్చు. నలుపు నుంచి తెలుపు దాకా ఎక్కడా తెగకుండా జారిపోతే ఫొటో. అంచుల దగ్గర ఏటవాలుగా చూస్తే నీలి వెండి మెరుపు ఉందా? కాగితంలోని వెండి పైకి తేలిన గుర్తు అది. దాన్ని తుడవకండి.

ఇప్పుడు కార్డు తిప్పండి. స్టాంపు అంటించే గడి చుట్టూ ‘అజో’ (AZO, ఒక ఫొటో కాగితం పేరు) అని ఉండి, నాలుగు మూలల త్రికోణాలూ పైకే చూస్తుంటే ఆ కాగితం 1904–1918 మధ్యది. రెండు పైకీ రెండు కిందికీ ఉంటే 1918–1930. వెనకభాగాన్ని నిలువు గీత రెండుగా చీలుస్తోందా? అమెరికాలో ఒకే వైపు చిరునామా, ఉత్తరం రెండూ రాసుకునే వీలు 1907 మార్చి నుంచే వచ్చింది. అంటే గీత, పైకి చూసే త్రికోణాలు రెండూ ఉంటే మీ కార్డు 1907–1918 మధ్యకు వచ్చేసినట్టే.

ఆ తర్వాతే బొమ్మ. అక్కడ బంగారం బయటపడింది 1904లో. ఎడారిలో కలప కరువు, సారాయి అంగళ్ళ దగ్గర ఖాళీ సీసాలు మాత్రం కుప్పలు. టామ్ కెల్లీ 1906లో దాదాపు 50,000 సీసాలు పేర్చి ఆ ఇల్లు కట్టాడు. ఊరికి కరెంటు తీసేసింది 1916లో. ఒక్క చోట జాగ్రత్త: పైకప్పు చక్కగా ఉంది కాబట్టి ఊరు బతికున్న రోజులదే అనుకోవద్దు. 1925లో పారమౌంట్ వాళ్ళు సినిమా కోసం ఆ ఇంటిని బాగుచేశారు. పైగా కాగితం కాలం వేరు, ఫొటో తీసిన కాలం వేరు. పాత నెగటివ్ నుంచి పదేళ్ళ తర్వాత కూడా కార్డులు తీసి అమ్మేవాళ్ళు.

ప్రశ్న: శ్రీశైలం ముంపులో పోయిన మా ఊళ్ళో మా అబ్బ కట్టిన మిద్దె ఫొటో ఒక్కటే మిగిలింది. అది ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. ఊడదీయవచ్చా?
– ఒక పాఠకురాలు, నందికొట్కూరు

జవాబు: వద్దమ్మా. ఫొటో పైపొర జెలటిన్. చెమ్మకు ఉబ్బి జిగురై అద్దానికి పట్టుకుంది. బ్లేడు పెట్టినా, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసినా బొమ్మ అద్దానికే ఉండిపోతుంది, మీ చేతికి తెల్లకాగితం వస్తుంది. అద్దం కూడా ఫొటోలో భాగమే అనుకోండి. వెనక మేకులు, అట్ట మాత్రం తీసెయ్యండి. ఆ అట్టలోని ఆమ్లమే కాగితాన్ని పసుపు చేస్తుంది. అద్దాన్ని పొడిబట్టతో పైపైన తుడవండి, ద్రవం ఏదీ చల్లొద్దు, అంచుల్లోంచి లోపలికి దిగుతుంది.

నకలు తీసేటప్పుడు ప్రింటరుతో కలిసొచ్చే పలుచని స్కానర్ పనికిరాదు. గాజుకు ఆనుకున్నదే దానికి స్పష్టం, మధ్యలో మీ అద్దం రెండు మిల్లీమీటర్లున్నా బొమ్మ మసకే. కెమెరాతో తీయించండి. లెన్సు ఫొటోకి సరిగ్గా ఎదురుగా, రెండు దీపాలు రెండు పక్కల 45 డిగ్రీల్లో ఉండాలి. కెమెరా ముందు నల్లగుడ్డ కట్టి లెన్సుకు మాత్రం రంధ్రం చేస్తే అద్దంలో మీ నీడ పడదు. నలుపు తెలుపు ఫొటో అయినా రంగుల్లోనే తీయాలి, మరక ఏదో గీత ఏదో తర్వాత తెలుస్తుంది.

ప్రశ్న: జిగురు పేజీల ఆల్బంలోని పాత ఇళ్ళ ఫొటోలు రావడం లేదు.
– ఒక పాఠకుడు, కడప

జవాబు: పళ్ళ సందులు శుభ్రం చేసుకునే దారం, మైనం పూయనిది, ఫొటో వెనక దూర్చి రంపంలా మెల్లగా లాగండి. మొండికేస్తే పేజీతో సహా కత్తిరించి ఉంచుకోండి. తర్వాత పాలీప్రొపిలీన్ కవర్లలో పెట్టండి. ప్లాస్టిక్ వాసన గుప్పుమంటే అది పీవీసీ, వద్దు. పేర్లు వెనక అంచున మెత్తని పెన్సిలుతో రాయండి, బాల్‌పెన్ను గీత ముందుకు పొడుచుకొస్తుంది. రేకుల కింది అటక మీద పెట్టొద్దు. ఎండ తగలని లోపలి గోడకున్న బీరువాలో, కింది అర కాకుండా మధ్య అరలో ఉంచండి.