మాంసం గిన్నెలో పాలు కాస్తే ఇక ఆ గిన్నె పనికిరాదా?

ఇజ్రాయెల్‌లో ఒక యూదుల ఇంట్లో కేర్‌గివర్‌గా కొత్తగా చేరానని, మాంసం వండే స్టీలు గిన్నెలో పాలు కాచేసరికి వాళ్లు దాన్ని పక్కన పెట్టేశారని, సబ్బుతో తోమితే సరిపోదా అని అడిగారు. సరిపోదండి. యూదుల ఆహార నియమాల ప్రకారం మాంసం, పాలు కలవకూడదు. నేనూ ఇక్కడి రమత్ గన్ ఊళ్లో అలాంటి ఇంట్లోనే పనిచేస్తున్నాను.

దీన్ని మన మడితో పోల్చుకుంటే తికమక పడతారు. ఎవరు ముట్టుకున్నారన్నది కాదు సమస్య, పొయ్యి మీద గిన్నె ఏ రుచి పీల్చుకుందన్నదే. ఎలా పీల్చుకుందో అలాగే కక్కించాలి. ఉడికించిన గిన్నెకు మరిగే నీళ్లు, నేరుగా మంట మీద మాంసం కాల్చే ఊచలకు నిప్పు. బైబిల్ చదివేవారైతే సంఖ్యాకాండం 31వ అధ్యాయం చూడండి, మిద్యానీయుల దగ్గర దొరికిన లోహపు సామాన్ల గురించి ఉంటుంది.

మీ గిన్నెకు చేసేది ‘హగాలా’, అంటే మరిగే నీళ్లలో ముంచి ఆ రుచి వదిలించడం. ముందు మాడు, జిడ్డు పూర్తిగా పోవాలి. మా పెద్దావిడైతే పిడి స్క్రూలు విప్పించి, ఆ సందుల్లో పాత టూత్ బ్రష్‌తో రుద్దిస్తారు. తర్వాత 24 గంటలు వాడకూడదు. అప్పుడు పెద్ద డేగిసాలో నీళ్లు కుతకుతా మరుగుతుండగా గిన్నె మొత్తం మునిగేలా ముంచి తీసి, చన్నీళ్లతో కడుగుతారు. స్పూన్లు గుత్తిగా కట్టి ముంచితే కుదరదు, ఒకదానికొకటి ఆనుకున్న చోట నీళ్లు తగలవు.

మట్టి, పింగాణీ పాత్రలకు ఈ మరిగే నీళ్లు పనిచేయవు. గాజు దగ్గర ఇంటికో పద్ధతి. సెఫార్దీలు (స్పెయిన్ మూలాలున్న యూదులు) కడిగితే చాలంటారు, అష్కనాజీలు (మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్నవారు) చాలామంది ఒప్పుకోరు. నాన్‌స్టిక్ పెనమైతే రబ్బీని (యూదుల మతగురువును) అడగాల్సిందే.

పులిసిన పిండి వంటలు తినకూడని పస్కా పండుగకు ముందు, మతనిష్ఠ గల యూదులు ఎక్కువగా ఉండే బ్నేయ్ బ్రాక్ ఊరు వెళ్తే, వీధిలోనే పెద్ద కాగుల్లో జనం గిన్నెలు ముంచించుకోవడం కనిపిస్తుంది. అప్పుడు వదిలించేది పులిసిన పిండి వంటల రుచిని.

మీరంతట మీరు మాత్రం నీళ్లు మరిగించి ముంచేయకండి. వాళ్లు రబ్బీకి ఫోన్ చేస్తే, ఆ గిన్నెలో ఆఖరుసారి మాంసం వండి ఎన్ని గంటలైందని అడుగుతారు. 24 గంటలు దాటి ఉంటే ఆ పాలు పారబోయక్కర్లేదని కూడా చెప్పొచ్చు. కాబట్టి ఆ టైమ్ గుర్తు తెచ్చుకుని ఉన్నదున్నట్టు చెప్పండి.