ఫ్రిజ్ 19 చూపిస్తున్నా బీరులో ఘాటు: ప్రోబ్ ఎక్కడుందో చూడండి

తప్పు ఫ్రిజ్‌ది కాదు, ప్రోబ్‌ది (వేడి కొలిచే సెన్సర్). బీరు పులియబెట్టడానికి డాలస్ గ్యారేజీలో పాత ఫ్రిజ్‌కి కంట్రోలర్ (వేడిని బట్టి ఫ్రిజ్‌ని ఆన్, ఆఫ్ చేసే పరికరం) పెట్టి 19 డిగ్రీల సెల్సియస్‌కు సెట్ చేసినా ఏల్‌లో (ఒక రకం బీరు) ముక్కు మండే స్పిరిట్ వాసన వచ్చిందని మీరన్నారు. ప్రోబ్ గాల్లో వేలాడుతోందనీ రాశారు. అంటే అది చూపించేది గాలి సంగతే. ఈస్ట్ జోరుమీదుండే మొదటి రెండు మూడు రోజులు లోపలి ద్రవం అంతకన్నా 3–5 డిగ్రీలు వేడిగా ఉండొచ్చు, ఆ వేడికే ఈ ఘాటు పుడుతుంది.

1. ప్రోబ్‌ని ఫెర్మెంటర్ (బీరు పులిసే పాత్ర) పక్కకి, ద్రవం మట్టానికి బాగా కిందగా అంటించండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: దానిమీద అరచేయంత థర్మోకోల్ ముక్క గానీ, నాలుగు మడతల గుడ్డ గానీ పెట్టి, అంచులన్నీ టేపుతో బిగించండి. ఒక్క మూల లేచినా చల్లగాలి దూరి ప్రోబ్ మళ్ళీ గాలినే కొలుస్తుంది. నేనైతే రోజూ వేలితో నొక్కి చూస్తాను.

3. కంట్రోలర్‌లో తేడా (సెట్ చేసినదానికి ఎంత దాటితే ఫ్రిజ్ ఆన్ అవ్వాలో) 1 డిగ్రీ, కంప్రెసర్ డిలే (ఆగాక మళ్ళీ మొదలయ్యేలోపు విరామం) 5 నిమిషాలు పెట్టండి.

4. ఈస్ట్ వేసేముందే ద్రవాన్ని 18కి చల్లార్చండి. 20 లీటర్లు వేడెక్కాక దించడం గంటల పని.

ఈ బ్యాచ్‌లో ఆ ఘాటు పోదు, తర్వాతిదానికి ఇలా చేయండి.